తీగలు భూమిలోనికి దిగిన వీథి

ఇల్లు చక్కదిద్దుకొనవలసిన ఆడవారికి వీథిలోని స్తంభములతోను, తీగలతోను ఏమి ప్రసక్తి యని కొందరు పెద్దలు అడుగవచ్చును. మా మనవి యేమనగా, ఇప్పటి ఇల్లాలికి పొయ్యి యెంతయో తీగయు నంతయే. తెల్లవాఱకమునుపు మేడమీది తొట్టిలోనికి నీరెక్కించునది ఆ తీగయే. పిండి రుబ్బునది, పాలు విఱుగకుండ కాపాడునది, ఉక్కపోతలో పసిబిడ్డకు విసరునది, పరీక్షకు చదువు పిల్లకు దీపము చూపునది ఆ తీగయే. అది యొక్క పూట తెగినచో ఆ భారమంతయు తిరిగి యెవరి చేతులమీద పడునో మనకు తెలియనిది కాదు. కావున తీగ ఆకాశమున నుండవలెనా, భూమిలో నుండవలెనా యను విచారము ఇంజనీర్లకు మాత్రమే కాక ఇల్లాండ్రకును చెందినదే యని మా యభిప్రాయము.

మేముండునది విశాఖపట్టణమున, సముద్రమున కంతగా దూరము కాని యొక వీథి. 27 గుమ్మములు, చివర నొక మలుపు, ఆ మలుపులో 11 పాకలు. మునుపు ఆ వీథిలో తలయెత్తి చూచినచో ఆకాశము తునుకలు తునుకలుగా కనబడెడిది. అన్నిటికంటె పైని 11,000 వోల్టుల తీగలు మూడు. వాని క్రింద ఇండ్లకు పోవు తీగలు. వానికిని దిగువను టెలిఫోను తీగలు, టెలివిజను తీగలు, ఇంటర్నెట్టు తీగలు ఒకదాని నొకటి పెనవేసికొని చిక్కుపడిన నూలుండవలె వ్రేలాడుచుండెడివి. మేడమీద వడియములు పెట్టి పిల్లలను కావలి యుంచుటకు భయము. తడిచీర దులిపి ఆరవేయుటకు భయము. సంక్రాంతినాళ్లలో గాలిపటము తీగకు చిక్కినచో, పిల్లవాడు దానికొఱకు ఇనుపగడ యెత్తునేమో యని తల్లి ప్రాణములు గుప్పిటిలో పెట్టుకొని యుండెడిది. ఏటేటను వానకారు రాకముందే మనుష్యులు వచ్చి మా వేపచెట్టు కొమ్మలను తీగల మేరకు నఱికి పోయెడివారు. పాప మాచెట్టు ఒకప్రక్కకే పెరిగి గూనిదానివలె నుండెను.

ఇవి యన్నియు నిత్యమును చూచుచున్నవే గనుక మాకు పెద్ద విషయములుగా తోచలేదు. కనులు తెఱపించినది తుపాను. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను మా పట్టణమువద్దనే తీరము దాటెను. ఆ పేరు ఒమాను దేశమువారు సూచించినది. తలపై కుచ్చుగల యొక పక్షిపేరు. పేరు పక్షిదే యైనను, గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు వేగముతో వీచిన ఆ గాలికి పట్టణములోని పక్షులకే గూళ్లు లేకపోయినవి. చెట్లు తీగలమీదను, తీగలు స్తంభములతో గూడ వీథులమీదను పడినవి. గాలి యొక్క దినముతో పోయినది. చీకటి మాత్రము మా వీథిలో తొమ్మిది రాత్రులు నిలిచినది.

ఆ తొమ్మిది దినములలో మాకు తెలిసివచ్చిన దేమనగా, దీపము లేకపోవుట అన్నిటికంటె చిన్న కష్టము. నూనె పోసి ప్రమిద వెలిగించుకొనవచ్చును. నీరు ఏ ప్రమిదలోనుండి వచ్చును? బోరుబావులలో నీరు నిండుగా నున్నను, పైకి తెచ్చు మోటారునకు ప్రాణము లేదు. పాత బావి యొక్కటి వీథి మొగలో చెత్తతో నిండియుండగా దానిని శుభ్రముచేసి, ఎవరింటనో అటకమీద నున్న చేంతాడు దింపి, ముప్పదియేండ్లుగా నీరు తోడి యెఱుగని చేతులతో ఆడవారము వరుసగా నిలిచి తోడుకొంటిమి. చంటిపిల్లల తల్లులకును, బాలింతలకును, మంచము పట్టిన వృద్ధులకును నడిచిన ఆ తొమ్మిది దినములు ఏ పత్రికయందును లెక్కకు రాలేదు. అక్టోబరు 23వ తేదీని దీపావళి వచ్చెను. ఆ యేడు మా వీథిలో దీపావళి దీపములకంటె కొళాయినుండి పడిన నీటిధారను చూచియే యెక్కువ సంతోషించిరి.

తరువాత ప్రభుత్వమువారు తుపాను కోలుకోలు పథకము నొకదానిని కల్పించిరి. 2015వ సంవత్సరమున ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశమునకు అందులకై 25 కోట్ల డాలర్ల ఋణము మంజూరుచేసెను. రోడ్లు, తుపాను ఆశ్రయములు మొదలగువానితో పాటు విశాఖపట్టణమున విద్యుత్తీగలను భూగర్భమునకు దింపుటయు నందులో నొక భాగము. మా వీథి వంతు వచ్చుట కంతమీద మఱి కొన్ని సంవత్సరములు పట్టెను.

ఇది క్రొత్తగా పుట్టిన యూహ కాదు. 1882వ సంవత్సరమున ఎడిసను న్యూయార్కులోని పెర్లువీథియందు తన విద్యుత్కేంద్రమును తెఱచినప్పుడే తీగలను భూమిలో నుంచెను. తక్కినవారు చౌకగా నుండునని స్తంభములు నాటిరి; టెలిగ్రాఫు, టెలిఫోను, దీపముల తీగలు కలిసి ఆ నగరపు వీథులపై నొక యడవియే పెరిగెను. వానిని పాతిపెట్టవలెనని 1884లోనే శాసనము పుట్టినను కంపెనీలు జాప్యము చేయుచు వచ్చినవి. 1888వ సంవత్సరము మార్చి నెలలో మహా హిమపాతము కలిగి ఆ తీగలన్నియు తెగిపడి నగరము మూగవోయిన తరువాతనే పని సాగినది. మాకు హుద్‌హుద్ ఏమి చేసెనో వారి కా మంచు అదే చేసెను. చెప్పినమాటకంటె పడినదెబ్బయే చెవి కెక్కుట అన్ని దేశములయందు నొక్కటే కాబోలు.

మన దేశమున కాశీపట్టణములోను పాతనగరమున సుమారు 16 చదరపు కిలోమీటర్ల మేర తీగలను భూమిలోనికి దింపిరి. ఇద్దరు ఎదురుపడినచో ఒకరు ప్రక్కకు తొలగవలసిన ఆ సందులలో నది యెంతటి పనియో, విశ్వనాథుని దర్శనమునకై నడిచినవారు ఊహింపగలరు. దేవుని ఉత్సవములు జరుగు వీథులకు ఈ సంగతి మఱింత ముఖ్యము. 2022వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీని తంజావూరు దగ్గఱ కలిమేడు గ్రామమున రథము పైతీగకు తగిలి 11 మంది మరణించిరి. 2025 ఆగష్టులో హైదరాబాదున రామంతాపురమునందు శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి అయిదుగురు ప్రాణములు విడిచిరి. మంగళహారతి యిచ్చి పంపిన తల్లి, శవమును చూడవలసివచ్చుటకంటె ఘోరమేమున్నది?

ఇక తీగ భూమిలో నెట్లుండునో, మాకు పనివాండ్రు చెప్పగను, మేము గుమ్మమున నిలిచి చూడగను తెలిసినది చెప్పెదము. పైని వ్రేలాడు తీగకు చాలవఱకు తొడుగు లేదు. చుట్టునున్న గాలియే దానికి తొడుగు. అందుచేతనే అది చౌక. భూమిలో ఆ గాలి లేదు. మన్ను తడిసినచో విద్యుత్తును తనలోనికి లాగుకొనును. కావున లోహపుతీగచుట్టును ఎక్స్‌ఎల్‌పీఈ యనెడి దట్టమైన ప్లాస్టికుజాతి పొర పొదిగి, దానిపై మఱికొన్ని పొరలు, కవచమువంటి ఇనుపచుట్టు, ఆపైని నల్లని తొడుగు వేయుదురు. పనసకాయలో గింజయెట్లో, కేబులులో తీగ యట్లు. ఇంకొక కష్టము వేడి. విద్యుత్తు పాఱునపుడు తీగ వేడెక్కును. పైనున్నదానిని గాలి చల్లార్చును. భూమిలోనిది బూడిద కప్పిన నిప్పువలె వేడిని విడువక యుండును. అందుచేత అదే పనికి లావుపాటి తీగ వాడవలెను.

లోతునకును లెక్కలు కలవు. మన దేశపు ప్రమాణము ననుసరించి 11,000 వోల్టుల కేబులు 90 సెంటీమీటర్లకు తక్కువకాని లోతునను, ఇండ్లకు వచ్చు చిన్న కేబులు 75 సెంటీమీటర్ల లోతునను ఉండవలెను. క్రింద మెత్తని యిసుక పఱచి, కేబులు పరుండబెట్టి, మరల యిసుక కప్పి, ఇటుకలో పలకలో పేర్చి, వానిపై హెచ్చరిక పట్టీ వేసి మన్ను పూడ్తురు. రేపు మఱియొకడు వచ్చి గునపము వేసినచో మొదట పట్టీ, పిమ్మట ఇటుక కనబడి వాని చేతిని ఆపవలెనని యేర్పాటు. రద్దీయైన రోడ్లలో నంతయు త్రవ్వక, రెండు చివరల గోతులు తీసి నడుమ భూమిని అడ్డముగా తొలిచి కేబులు లాగుదురు. మా సందులో మాత్రము గునపములతోనే పని జరిగెను.

పెద్ద కేబులును చాలచోట్ల నొక వలయముగా కట్టుదురు. ఒకవైపు దెబ్బతగిలినచో రెండవవైపునుండి విద్యుత్తు పంపవచ్చును. ఈ వలయము లేనిదే భూగర్భతీగ పూర్తిగా నమ్మదగినది కాదు. ఏలయన, పైతీగ తెగినచో కంటికి కనబడును. లైనుమాను నిచ్చెన వేసికొని గంటలో కట్టి పోవును. భూమిలోనిది చెడినచో ఎక్కడ చెడెనో కనుగొనుటయే యొక పని. కేబులులోనికి విద్యుత్తు తరంగము నొకదానిని పంపి, అది చెడినచోట తగిలి మరలివచ్చుట కెంతకాలము పట్టెనో కొలిచి దూరము లెక్కకట్టుదురు. లోతైన బావిలో కేకవేసి ప్రతిధ్వని వినినట్లు. తరువాత గట్టి విద్యుత్తును విడిచి విడిచి పంపగా, చెడినచోట భూమిలో దబ్బుమని చప్పుడగును. ఒక నడిరాత్రి మా మలుపులో నొక పనివాడు నేలకు చెవి యానించి పరుండి వినుచుండగా చూచి, మూర్ఛపోయెనేమో యని ఎదురింటి మామ్మగారు నీళ్లచెంబు పట్టుకొని పరుగెత్తిరి!

కనుక సోదరీమణులు భూగర్భతీగ యనగనే కష్టములన్నియు తీఱునని తలంపరాదు. చెడుట తక్కువ, చెడినచో బాగుచేయుట ఆలస్యము. వ్యయము పైతీగలకంటె కొన్ని రెట్లు హెచ్చు. ఇల్లు ఇంటికి దూరముగానున్న పల్లెలకు ఇంతటి ఖర్చు తగదు. అట్టిచోట్ల తొడుగుగల తీగలను త్రాడువలె పేని స్తంభములపైననే కట్టు పద్ధతి కలదు. అదియు చాల యపాయములను తప్పించును. నీరు నిలుచు పల్లపు వీథులలో కేబులుకంటె దాని పెట్టెల విషయమై జాగ్రత్త పడవలెను. వానిని ఎత్తైన దిమ్మెలపై నిలుపనిచో వరద వచ్చిన దినముననే చీకటి వచ్చును. మఱియు త్రవ్వకమున చెట్లవేళ్లు తెగుట యొకటి. కొమ్మ నఱికిన చెట్టు మరల చిగిర్చును గాని, వేరు తెగినచెట్టు నాలుగేండ్లకు మెల్లగా వాలును. మా వేపచెట్టునొద్దకు కందకము వచ్చినప్పుడు మేమందఱము కూడి మేస్త్రీతో మాటాడి, దానిని మూడడుగులు ప్రక్కకు తిప్పించితిమి.

ఆ త్రవ్వకపు దినములలో వీథిలో నడచుట కత్తిమీద సాము. ధనుర్మాసమున ముగ్గు పెట్టుటకు చారెడు నేల లేదు. గొబ్బెమ్మలను మెట్లమీదనే నిలిపితిమి. తరువాత పెట్టె తగవు వచ్చెను. కొన్ని యిండ్లకు కలిపి ఒక ఇనుపపెట్టె నిలిపి అందులోనుండి తీగలు పంచుదురు. పెట్టె కావలయును, కాని తమ గుమ్మమున కెదురుగా నెవరికిని వలదు. ఒకరికి వాస్తుదోషము, ఒకరికి కారు నిలుపుచోటు, ఒకరికి తులసికోట యడ్డము. వారము దినములు మగవారు తీర్పరులై కూర్చున్నను తేలలేదు. తుదకు కుంటుపడిన ఆ పనికి విసిగి, వీథిలో నందఱికంటె చిన్నయిల్లు గలిగిన యొక కుట్టుపని యామె, "మా గోడవారన పెట్టించండి. పిల్లలు తాకకుండా కంచె మాత్రం వేయించండి" అనెను. కంచె ఖర్చు తక్కిన 26 గుమ్మములవారు పంచుకొనిరి. అది న్యాయమైన బేరమే యైనను, వెడల్పైన గుమ్మములుగలవారి కెవరికిని ఆ మాట రాకపోవుట మా మనస్సులో నిలిచిపోయినది.

ఇక చెప్పవలసిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. మలుపులో 11 పాకలున్నవని పైని చెప్పితిమి. వానిలో నివసించువారు మా యిండ్లలో పాత్రలు తోమువారు, బట్టలు ఇస్త్రీచేయువారు, చేపలమ్మువారు, తాపీపనివారు. వారి పాకలలోను దీపములు వెలుగుచుండెను. ఎట్లన, వెదురుకొనకు కొక్కెము కట్టి పైతీగకు తగిలించి. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛాసనము ప్రకార మది దొంగతనము. అంతకంటె మృత్యువుతో చెలగాటము. హుద్‌హుద్‌నకు పిమ్మటి యేడు వానలో కొక్కెము తగిలింపబోయి యొక కుఱ్ఱవాడు దూరముగా పడెను. ప్రాణము దక్కినదిగాని, వాని కుడిచేతి రెండువ్రేళ్లు నేటికిని చాగవు. అయినను మఱునాటి సంధ్యకు కొక్కెము మరల తీగపై నుండెను. చీకటిలో పిల్లలను తేలు కుట్టునను భయము ఆ భయమును మించినది.

తీగలు భూమిలోనికి పోవుచున్నవని తెలిసినప్పుడు వీథియంతయు సంతోషించెను. మా యింట పనిచేయు నామె మాత్రము చీపురు చేతబట్టి ద్వారబంధమునొద్ద నిలిచి, "అమ్మగారూ, తీగలు బూమిలోకి దింపేత్తే మా పాకలకి దీపాలెక్కడియండీ? పిల్లలు సీకట్లో ఏటి సదువుకుంతారు?" అని యడిగెను. ఆ ప్రశ్న అంతకుముందు ఏ ఇంటను పుట్టలేదు. తుపానువలన గలిగిన చీకటిని తప్పించుటకు తలపెట్టిన పని, ఆ పదునొకండు కుటుంబములకు శాశ్వతమైన చీకటిని తెచ్చుచున్నదన్నమాట!

మా యింటివారు బడిపంతులు గనుక దరఖాస్తులు వ్రాయించుకొనుటకు మా యరుగుమీదికి వచ్చుట అందఱికి నలవాటు. ఈసారి మేమే వారిని పిలిపించితిమి. ఆ సాయంకాలము వీథిలోని ఆడవారము కొందఱము కూడుకొన్నప్పుడు ఒక యామె, "దొంగ కరెంటు వాడుకున్నవాళ్లకి మనం పూచీ పడడమేమిటి?" అని యన్నది. అందులకు మామ్మగారు, "పదేళ్లుగా మన గిన్నెలు కడిగిన చేతులకి ఒక మీటరు పెట్టించలేమటే అమ్మాయ్? దొంగతనం మానమనే కదా మీటరు అడుగుతున్నారు!" అని బదులు చెప్పిరి. దానికి మాఱుమాట లేకపోయెను. మొదట అభ్యంతరము చెప్పిన యామెయే తరువాత కచేరీకి మాతో రెండుసార్లు వచ్చినది.

మీటరునకు కావలసినవి పేరు, చిరునామా, స్థలమున నున్నట్లు ఋజువు. పేరు నందఱికి నున్నది. ఋజువునకే వచ్చినది చిక్కు. ఇరువదియేండ్లుగా నక్కడనే పుట్టి, పెరిగి, పెండ్లాడి, పిల్లలను కనినవారు అక్కడ నున్నారనుటకు కాగితము లేదు. కొందఱికి రేషనుకార్డు వేఱొక పేటలో నున్నది. కొందఱికి ఇంటి సంఖ్యయే లేదు. ఒకామెకు ఆధారుకార్డులో పేరొకటి, రేషనుకార్డులో పేరొకటి. ఒక్కొక్క కాగితమునకై ఒక్కొక్క పూట కూలి పోవుచుండెను. మేము చేసిన సాయమెంత యనగా, వారు వెళ్లు దినమున మా యిండ్ల పని మేము చేసికొని జీతము కోయకుండుట, కాగితములు చదివి చెప్పుట, కిటికీయొద్ద వారితోకూడ వరుసలో నిలుచుట. ఇది గొప్ప పరోపకారముగా మేము చెప్పికొనుటలేదు. అయినను, చదువు వచ్చిన యొక యాడుది చదువురాని మఱియొక యాడుదాని ప్రక్కను ఊరక నిలిచినంతమాత్రమున కిటికీకి ఆవలివారి మాటలో మర్యాద యెంత పెరుగునో చూచినప్పుడు, సంతోషమును, సిగ్గును ఒక్కసారే కలిగినవి.

మా వీథికి భూగర్భతీగలనుండి విద్యుత్తు వచ్చునాటికి 8 పాకలకు మీటర్లు వచ్చినవి. 3 పాకలకు రాలేదు. అవి పోరంబోకు నేల యంచున నున్నవనియు, కాగితము పుట్టదనియు చెప్పిరి. పైతీగలను చుట్టబెట్టి బండి యెక్కించుచుండగా ఆ మూడు పాకలవారు తమ కొక్కెపుగడలను చేతపట్టుకొని చూచుచు నిలిచిన సంగతి మఱచుట కలవి కాలేదు. దసరా చందాలో మిగిలిన సొమ్ముతో వారికి సూర్యరశ్మితో వెలుగు దీపములు మూడు కొనియిచ్చితిమి. అవి పిల్లల చదువునకు చాలును, పంకాకు చాలవు. వారి యర్జీలు నేటికిని తిరుగుచునే యున్నవి. మేమును మానలేదు.

మీటరు వచ్చిన యెనిమిదింటిలో మా పనియామెది యొకటి. మొదటి నెల బిల్లు రాగా, దానిని మాచేత చదివించుకొని, సొమ్ము చెల్లించి, కాగితమును పారవేయక నాలుగుమడతలు పెట్టి పసుపుడబ్బాలో దాచుకొనెను. ఎందులకని యడుగగా, "మా ఇంటికి నా పేరున వచ్చిన తొలి కాయితవమ్మా ఇది" అని చెప్పెను. ఆ బిల్లునే చిరునామాకు ఋజువుగా చూపి ఆమె బ్యాంకులో ఖాతా తెఱచినది. తీగ భూమిలో దిగుటవలన మాకు ఆకాశము కనబడినది. ఆమె పేరు మాత్రము ఒక కాగితముమీదికి వచ్చినది. రెంటిలో నేది గొప్పలాభమో పాఠకురాండ్రే నిర్ణయింతురుగాక.

ఇప్పుడు మా వీథిలో విద్యుత్తీగలు లేవు. వీథిదీపములకు మాత్రము సన్నని స్తంభములు నాటిరి. వానికిని క్రిందనుండియే తీగ. టెలివిజను తీగలవారు మాత్రము తమ తీగలను భూమిలో దింపుటకు ఒప్పుకొనక, వీథిదీపపు స్తంభములకే కట్టి పోవుచున్నారు. చల్లగా నొక తీగ వచ్చినది. దాని వెంట నాలుగు వచ్చినవి. ఆకాశము మరల చిక్కుపడకముందే వారికి తగినట్లు చెప్పవలెనని వీథివారము తీర్మానించుకొన్నాము. వేపచెట్టు ఈ రెండేండ్లలో రెండవప్రక్కను కూడ కొమ్మలు వేసినది.

తీగలు భూమిలో నున్న వీథులలోని సోదరీమణులకు కొన్ని జాగ్రత్తలు మనవిచేయుదుము. తులసికోట కట్టించుటకైనను, గుంజ పాతుటకైనను, కొళాయిగొట్టము వేయించుటకైనను, తీగ యెటు పోయినదో కనుగొనక వీథివైపు గునపము వేయింపకుడు. కందకము పోయిన దారిపై పెద్దచెట్లు నాటకుడు, పూలమొక్కలు చాలును. పంచిపెట్టు పెట్టెకు ఆవును కట్టుట, దానిపై బట్టలు ఆరవేయుట, కడుగునీళ్లు దానివైపు పాఱబోయుట కూడదు. దాని తలుపు తెఱచియున్నచో, లేక దగ్గఱ నేల తాకినప్పుడు చేతికో కాలికో జిల్లుమన్నచో, పిల్లలను దూరముగా నుంచి వెంటనే 1912 సంఖ్యకు టెలిఫోను చేయుడు. దేశమంతటను విద్యుత్తు ఫిర్యాదులకు అదియే సంఖ్య. కనబడనిది లేదని పిల్లలు తలంతురు. పైతీగను చూపి "అదిగో, ముట్టకు" అని చెప్పుట సులభము. కాలిక్రింద నున్నదానిని గూర్చి చెప్పుట తల్లుల నేర్పు.

ప్రయాగయందు సరస్వతి కంటికి కనబడక లోలోపల ప్రవహించునని పెద్దలు చెప్పుదురు. త్రివేణిలో మునిగినవారందఱు ఆమెకును నమస్కరింతురు. మన వీథులక్రింద పాఱుచున్న యీ శక్తియు నట్టిదే. అది యెవరి గుమ్మమువఱకు వచ్చి ఆగిపోవుచున్నదో చూచుట మాత్రము మన పని. మీ వీథిలో కందకము త్రవ్వుటకు మనుష్యులు వచ్చినప్పుడు, మీ యింటి మీటరు విచారించుకొన్న పిమ్మట, వీథి చివరవఱకు నొకసారి నడచి అక్కడివారి నడుగుడు. తీగలు పాతిన తరువాత అడుగుటకంటె ముందడుగుట తేలిక. మా మూడు పాకలకు మీటర్లు వచ్చిన దినమున ఆ శుభవార్తను ఈ పత్రికాముఖముననే సోదరీమణులకు తెలుపగల భాగ్యము మాకు కలుగునుగాక యని భగవంతుని ప్రార్థించుచున్నాము.